టెర్రియరు, లర్చరు: శునకనామవిచారము

శునకవిషయకమగు వ్యాస మొకటి యీ పత్రికలోఁ గానవచ్చుటకు విజ్ఞులు కొంద ఱాశ్చర్యపడవచ్చును. కాని పాణినిమహర్షి శునకమును విస్మరింపలేదు. అమరసింహుఁడు దానికిఁ బెక్కు పేళ్లు చెప్పెను. కల్యాణచాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున సారమేయవినోద మను ప్రకరణమునే చేర్చెను. కాఁబట్టి యీ విషయము మనకుఁ గ్రొత్తది కాదు, మఱచినది మాత్రమే.

ఈ వ్యాసమునకు నిమిత్త మొక చిన్న సంగతి. నే నమరకోశము చెప్పుచుండఁగా శిష్యుఁ డొకఁడు లేచి, "అయ్యవారూ, కౌలేయక మనఁగా నేమండీ?" యని యడిగెను. "ఇంట నుండు కుక్క, నాయనా" యని చెప్పి ముందునకు సాగితిని. అతఁడు కూర్చుండక, "మా మేనమామగారి యింట టెర్రియ రను కుక్క యున్నది. దానికి వంశపత్రికయుఁ గలదు. అదియుఁ గౌలేయకమే కదా! మఱి యెలుకను జూచిన మంచము క్రింద దూఱునేమండీ?" యనెను. తరగతి యంతయు నవ్వినది, నేనును నవ్వితిని. కాని యింటికి వచ్చి నిఘంటువులు తిరుగవేయఁగా టెర్రియ రనుచోట 'ఒక జాతి కుక్క' యనియు, లర్చ రనుచోట 'ఒక విధమైన వేఁటకుక్క' యనియు మాత్రము కనఁబడెను. కౌలేయకమునకు నేను చెప్పిన యర్థమును సూత్రముతో సరిచూడఁగా నదియు నసమగ్ర మని తోఁచెను. శిష్యుని ప్రశ్నకు సమాధానము చెప్పుట గురువునకు ఋణము. ఆ ఋణమును దీర్చుకొనుటకే యీ ప్రయత్నము.

మొదట శబ్దములను విచారింతము. టెర్రియరు, లర్చరు అను రెంటి చివరను నొకే ధ్వని వినఁబడుటచే నవి యొకే ప్రత్యయముతో నేర్పడిన వను భ్రమ కలుగును. అట్లు కాదు. లాటినుభాషలో 'టెర్రా' యనఁగా భూమి. ఆ నామముపైఁ దద్ధితతుల్యమగు ప్రత్యయము చేరఁగా నేర్పడి, ఫ్రెంచిభాష ద్వారమున నాంగ్లమునకు వచ్చినది టెర్రియరు. భూమికి సంబంధించినది యని దాని యర్థము. లర్చరు పదమున నున్నది నామము కాదు, ధాతువు. ఇప్పుడు వాడుకలో లేని 'లర్చ్' అను నాంగ్లక్రియకుఁ బొంచి తిరుగుట, మ్రుచ్చిలుట యని యర్థములు. దానిపై మన ణ్వుల్, తృచ్ ప్రత్యయములఁ బోలిన కర్త్రర్థకప్రత్యయము వచ్చినది. కాఁబట్టి మొదటిది తద్ధితాంతము, రెండవది కృదంతము. ఒకదానికిఁ బని చేయు చోటునుబట్టి, వేఱొకదానికిఁ బని చేయు రీతినిబట్టి పేరు వచ్చినది. రెంటికిని రూపమునుబట్టి పేరు రాలేదని పాఠకులు గుర్తుంచుకొన వేఁడెదను.

ఈ పేళ్లు నిన్నమొన్నటివి కావు. 1486లో నచ్చైన సెయింట్ ఆల్బన్స్ గ్రంథమునందలి శునకముల పట్టికలో టెర్రియరు కలదు. 1570లో జాన్ కైయస్ అను వైద్యుఁడు బ్రిటనుదేశపు కుక్కలనుగూర్చి లాటినుభాషలో నొక చిన్న గ్రంథమును బ్రకటించెను. 1576లో ఏబ్రహాం ఫ్లెమింగు దాని నాంగ్లీకరించెను. కైయస్ శునకములను బ్రధానముగాఁ బనినిబట్టి విభజించెను. బొరియలలోఁ జొచ్చి నక్క మొదలగువానిని వెలికిఁ దోలునది టెర్రియరు. రాత్రివేళ యజమాని యాజ్ఞచే నఱవక పోయి కుందేళ్లను బట్టునది చోరశునకము. ఈ రెండవదానియందు లర్చరు లక్షణములు స్పష్టముగాఁ గానవచ్చుచున్నవి. ఆన్ రాణి పాలనకాలమున (1702-1714) నేర్పడిన వేఁటచట్టమున, అర్హత లేనివారు ఉంచుకొనరాని సాధనములలో లర్చరు పేరును జేర్పఁబడెను. మన యమరసింహుఁడును శునకమును సింహాదివర్గమునఁ గాక శూద్రవర్గమున, వేఁటకాని పేళ్లను జెప్పిన వెంటనే చెప్పెను. శునకమును దాని పనితోడనే తెలిసికొనవలె నను నభిప్రాయము రెండు దేశములందును గలదన్న మాట.

టెర్రియరు పని భూమిలోపల. నక్క బొరియలోఁ జొచ్చిన పిమ్మటఁ బెద్దకుక్కల పరుగు నిరర్థకము. అప్పుడు టెర్రియరును వదలుదురు. అది చీఁకటిలో నిఱుకుదారిని బోయి, నక్క కెదురుగా నిలిచి మొఱుగును. వెలుపలివారు నేలకుఁ జెవియొగ్గి, యా ధ్వనినిబట్టి త్రవ్వవలసిన చోటును నిర్ణయింతురు. ఇటీవలికాలమున మెడపట్టెకుఁ జిన్న ప్రసారయంత్రమును గట్టి యా చోటును గుర్తించుటయుఁ గలదు. పైఁబడి కఱచునదికంటె, వెనుదీయక నిలిచి యెడతెగక మొఱుగునదియే మేలైన దని పనివారిలోఁ బలువురి మతము. కఱచునది తాను గాయపడి మూగవోవును. మొఱుగునది యజమానికి దారి చూపును. అమరుఁడు చెప్పిన భషకనామ మిచటఁ గేవలము రూఢి కాక సార్థకమగుచున్నది.

బొరియలోఁ బట్టని కుక్క యెంత శూరమైనను వ్యర్థమే. అందుచే ఱొమ్మును గొలుచు పద్ధతి యొకటి యేర్పడినది. పరీక్షకుఁడు ముందుకాళ్ల వెనుక ఱొమ్మును రెండుచేతులతోఁ జుట్టి పట్టుకొనును. బొటనవ్రేళ్లు వెన్నుమీఁదను, దక్కిన వ్రేళ్లు ఱొమ్ముక్రిందను గలిసినచో నది నక్క పోవు దారిని బోఁగలదని నిశ్చయింతురు. ఆ ఱొమ్ము పీపావలె గట్టిదై యుండరాదు, నొక్కిన నొదుగవలెను. దట్టమైన బిరుసురోమములు వానకును మట్టికిని రక్ష. దవడలు బలముగాను, గాళ్లు పరుగునకుఁ దగినంత పొడవుగాను నుండవలెను. ఈ లక్షణములలో నేదియు నలంకారార్థము కాదు. ప్రతిదానికిని బ్రయోజనము కలదు.

ఈ విషయమున జాన్ రస్సెల్ (1795-1883) చరిత్రము ముఖ్యమైనది. డెవనుమండలమునఁ గ్రైస్తవాచార్యుఁడుగా నుండిన యితఁడు, 1819లో నాక్స్‌ఫర్డున విద్యార్థిగా నున్నపుడు, ఒక పాలవానియొద్ద ట్రంప్ అను నాఁడుకుక్కను గొనెను. ఆతని పేర వెలసిన టెర్రియరులకు నదియే మూలమాత యని చెప్పుదురు. ఇచట సారమేయశబ్దము జ్ఞప్తికి వచ్చును. స్త్రీప్రత్యయాంతములపై వచ్చు ఢక్ ప్రత్యయముచే (4-1-120) సరమ సంతతి సారమేయమైనది. మన శునకము తల్లిపేరనే వ్యవహరింపఁబడుచున్నది. రస్సెల్ శునకములును దల్లినుండియే లెక్కింపఁబడుచున్నవి.

ఇఁక బ్రదర్శనముల మాట. 1859లో న్యూకాసిలు నగరమున జరిగినదానిని మొదటి శునకప్రదర్శనముగా గణింతురు. 1873లో లండనునఁ గెన్నెల్ క్లబ్బు స్థాపింపఁబడెను. 1886లో చార్లెస్ క్రఫ్టు లండనున నడిపిన ప్రథమప్రదర్శనము టెర్రియరులకే యేర్పడినది. రస్సెల్ కెన్నెల్ క్లబ్బు తొలిసభ్యులలో నొకఁడై, 1874లో నక్కటెర్రియరులకుఁ బరీక్షకుఁడుగా నుండియు, దన కుక్కలను మాత్రము ప్రదర్శనమునకుఁ దేలేదు. ఇది విచిత్రముగాఁ దోఁచును గాని కారణ మూహింపవచ్చును. ప్రదర్శనమునఁ బరీక్షకుఁడు చూడఁగలది తల, చెవి, నిలుకడ, రోమము, నడక. చూడలేనిది చీఁకటిలోని ధైర్యము. చూచినదానికే బహుమాన మిచ్చిన, జనులు దానికొఱకే కుక్కలను గలుపుదురు. కొన్నితరములు గడచునప్పటికిఁ జూడనిది క్రమముగా నశించును. ఇందు మోస మెవరిదియుఁ గాదు, పరీక్షాపద్ధతి ఫలము. పాఠశాలలలో నుండు మనకు నిది తెలియని సంగతి కాదు. కంఠపాఠమునే పరీక్షించినచోఁ గంఠపాఠులే పుట్టుదురు.

ఈ భయముచేతనే రస్సెల్ టెర్రియరులను బనికై పెంచువారు పలువురు కెన్నెల్ క్లబ్బు గుర్తింపునకు నిష్టపడరైరి. అయినను 1990లోఁ బార్సన్ రస్సెల్ శాఖయు, 2016లో జాక్ రస్సెల్ శాఖయు నందు గుర్తింపఁబడెను. గుర్తింపువలన లాభమును గలదు: వంశము వ్రాయఁబడును, రోగము లెచట నుండి వచ్చినవో తెలియును. దోషము పుస్తకమునందు లేదు. పుస్తకమునే కుక్కగా నెంచుటయందున్నది.

లర్చ రట్లు కాదు. అది యొక కులమే కాదు; సంకరము. కంటితోఁ జూచి తఱుము గ్రేహౌండు, విప్పెట్టు, డీర్‌హౌండు, సలూకీలలో నొకదానిని గొఱ్ఱెలకాపరి కుక్కయగు కాలీతోనో, బెడ్లింగ్టన్ మొదలగు టెర్రియరుతోనో కలుపఁగాఁ బుట్టినది. గ్రేహౌండు గంటకు సుమా రఱువది కిలోమీటరుల వేగముతోఁ బరుగెత్తును గాని త్వరగా నలయును. కాలీ బుద్ధిని, ఆజ్ఞావశతను దెచ్చును. టెర్రియరు పట్టుదలను, చలికోర్చు రోమమును దెచ్చును. ఈ మూఁటి పాళ్లను దన పొలమునకుఁ దగినట్లు కూర్చుటయే పెంపకందారు నేర్పు. మేలైన లర్చరు మొఱుగదు. కుందేలిని బట్టి, చెడఁగొట్టక, యజమాని చేతికిఁ దెచ్చియిచ్చును. దీనికిఁ గెన్నెల్ క్లబ్బు గుర్తింపు లేదు. పల్లెసంతలలో జరుగు లర్చరుప్రదర్శనములందు నెత్తునుబట్టియు, రోమము నునుపు బిరుసులనుబట్టియుఁ దరగతు లేర్పఱతురు. వానితోఁ బాటు పరుగుపందెములును జరుగును. అందుచే నచటఁ గన్నులకుఁ గనఁబడనిది కొంత కాళ్లకుఁ దెలియును.

ఇప్పుడు కౌలేయకమునకు వత్తము. కుల, కుక్షి, గ్రీవా శబ్దములపై వరుసగా శునకము, ఖడ్గము, ఆభరణము అను నర్థములందుఁ బాణిని ఢకఞ్ ప్రత్యయమును విధించెను (4-2-96). శునకార్థమునఁ గౌలేయకము; అర్థాంతరమునఁ గౌలము. మనుష్యవిషయమున నపత్యార్థమునఁ గులీనుఁడు, కుల్యుఁడు, కౌలేయకుఁడు అను రూపములు వేఱుసూత్రములచే (4-1-139, 140) సిద్ధించును. కులశబ్దమునకు గృహ మనియు వంశ మనియు నర్థములు కలవు. నేను తరగతిలోఁ జెప్పినది మొదటియర్థము మాత్రమే. వంశార్థమును గ్రహించినచో, మేలైన శునకమునకు వంశగణన మాకాలముననే యుండె నని యూహింప నవకాశము కలదు. ఇది నా యూహ మాత్రమే. వైయాకరణులు పరిశీలింతురు గాక.

వంశమునకుఁ గౌలేయకశబ్ద ముండఁగాఁ బనికి వేఱుశబ్ద మున్నది. మృగయాకుశలమగు శునకమునకు విశ్వకద్రు వని యమరుఁడు ప్రత్యేకముగాఁ బేరిడెను. శునకగణముతోఁ దిరుగు వేఁటకానికి శ్వగణికుఁడు, శ్వాగణికుఁడు అను రూపములను బాణిని సాధించెను (4-4-11). అతిపూర్వకమగు శ్వన్ శబ్దముపై సమాసాంతమును విధించిన సూత్రమునకు (5-4-96) వృత్తికారు లిచ్చు నుదాహరణములలో వేగమున శునకమును మించిన వరాహమును, స్వామిభక్తియందు శునకమును మించిన సేవకుఁడును గలరు. వేగము, భక్తి అను రెండు గుణములకు శునకమే కొలకఱ్ఱ యైనది. లర్చరునందు గోరఁబడు గుణములు నివియే.

కాఁబట్టి శిష్యునకు నా సమాధాన మిది: నాయనా, వంశపత్రిక కుక్కను గౌలేయకము చేయును గాని విశ్వకద్రువును జేయదు. మీ మేనమామగారి టెర్రియరు కౌలేయకమే, సందేహము లేదు. అది మంచము క్రింద దూఱుట దాని తప్పును గాదు. దానికిఁ బని నేర్పినవారు లేరు.

పోషణవిషయము సంగ్రహముగాఁ జెప్పెదను. శునకగర్భము సుమా రఱువదిమూఁడు దినములు. పిల్లల కన్నులు పదినుండి పదునాలుగు దినములలోఁ దెఱచుకొనును. ఎనిమిదివారములు నిండకుండఁ బిల్లను దల్లినుండి వేఱుచేయరాదు. మొదటి యెదలోనే యాఁడుకుక్కను జూలు కట్టించుట పాడి కాదు. టెర్రియరులలోఁ గొన్నింటికిఁ గంటికటకము స్థానము దప్పు రోగము వంశానుగతముగా వచ్చును. తల్లిదండ్రు లిరువురియందును దద్బీజ మున్న యెడలఁ బిల్లలకుఁ గీడు. దానిఁ దెలిసికొనుటకు జన్యుపరీక్ష యున్నది గనుక జంట కలుపుటకు ముందే చేయింపవలెను. కాలీరక్తము గల లర్చరులలోఁ గొన్నింటికి ఐవర్‌మెక్టిన్ వంటి యౌషధము లధికమాత్రలో విషతుల్యములు. వైద్యునకు దాని పుట్టుక తప్పక చెప్పవలెను. గ్రేహౌండువంశ్యములకు దేహమునఁ గొవ్వు తక్కువ. చలికి మెత్తనిపఱపు వలయును. వాని పలుచనితోలు ముండ్లకంచెలకు సులభముగాఁ జినుఁగును. ఎలుకలను బట్టు టెర్రియరునకు నెలుకమూత్రమువలన వచ్చు లెప్టోస్పైరా జ్వరమునకును, మన దేశమున ఱేబిసునకును టీకాలు తప్పనిసరి.

ఇంకొక మాట. పని యనఁగానే హింసకుఁ బట్టాభిషేకము చేయుచున్నా నని యెవరును దలంపవలదు. 2004నాఁటి చట్టముచే నింగ్లండు, వేల్సు దేశములందుఁ గుక్కలతో నక్కలను, జెవులపిల్లులను వేఁటాడుట నిషిద్ధమైనది. భూమియజమాని యనుమతితో నెలుకలకును, కుందేళ్లకును మినహాయింపు కలదు. మన దేశమున 1972నాఁటి వన్యప్రాణిరక్షణచట్టము వేఁటను నిరోధించుచున్నది. కాఁబట్టి నేఁడు రక్షింపవలసినది వేఁట కాదు. శునకమును జూచు చూపు, దానిఁ దెలుపు మాట.

ఆ మాటలు మన పల్లెలలో నింకను మిగిలియున్నవి. కొల్లేటిప్రాంతమున బాతులమందలను గాయుటకుఁ బనికివచ్చిన జోనంగి, కర్నూలుమండలపుఁ బందికోన కుక్క, దక్కనుభూమి కంతకును దెలిసిన ముధోలు వేఁటకుక్క యిట్టివి. ముధోలుకుక్కకు 2005లోఁ దపాలాబిళ్లయందు స్థానము దొరకినది. జోనంగికి నిఘంటువులోఁ దగిన వివరణమైనను దొరకవలదా? టెర్రియరును 'బొరియకుక్క' యనియు, లర్చరును 'మాటుకుక్క' యనియుఁ దెనిఁగింపవచ్చు నని నా సూచన. ఇవి కాపరులకును, వృద్ధులకును దెలిసిన మాటలకు సరిపడునో లేదో పల్లెలందలి పాఠశాలాపండితులు విచారించి, తమ తమ సీమలయందలి శునకనామములను, వాని పనులను వ్రాసి పంపుదురేని, 'ఒక జాతి కుక్క' యను నర్థము మన నిఘంటువులనుండి తొలఁగిపోవును. కుక్కకు మన మీయఁదగిన గౌరవము దాని పనిని సరియైన మాటతోఁ జెప్పుటయే.