పిల్లల సోషల్ మీడియాకు వయసు హద్దు: మన వీడియో కాల్ కూడా ఆగిపోతుందా?

ఈ వారం ఎపిసోడ్ ఒక వాయిస్ మెసేజ్‌తో మొదలైంది. సౌదీలో డ్రైవర్‌గా పనిచేసే ఒక అన్న అడిగిండు: "ఆస్ట్రేలియాలో పదహారేండ్లలోపు పిల్లలకు ఫోన్ బంద్ పెట్టిండ్రట. రేపు మన దగ్గర గూడ పెడితే నా బిడ్డ మొకం ఎట్ల సూడాలె?"

రెండేళ్లకోసారి సెలవు దొరికే మనిషికి ఇది చిన్న ప్రశ్న కాదు. అందుకే ఎపిసోడ్‌లో చెప్పింది ఇక్కడ విడమరిచి రాస్తున్నాం.

ఆస్ట్రేలియాలో ఆపింది ఏంటి?

ముందుగా ఒక మాట. అక్కడ ఆపింది ఫోన్‌ను కాదు, అకౌంట్‌ను. 2024 నవంబర్‌లో పార్లమెంట్ చట్టం చేసింది, 2025 డిసెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. 16 ఏళ్లు నిండని పిల్లలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, ఎక్స్, యూట్యూబ్ లాంటి వాటిలో అకౌంట్ ఉండకూడదు. అమ్మానాన్నలు ఒప్పుకున్నా సరే, కుదరదు.

తప్పు జరిగితే జరిమానా పిల్లలకు గానీ, తల్లిదండ్రులకు గానీ పడదు. కంపెనీకే పడుతుంది, అదీ 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా. యూట్యూబ్ వీడియోలు లాగిన్ కాకుండా చూడొచ్చు.

మరి వాట్సాప్? ముఖ్యంగా మెసేజ్‌లు, కాల్స్ కోసం ఉన్న యాప్‌లను ఆ నిషేధం నుంచి మినహాయించారు. అంటే ఆస్ట్రేలియాలో కూడా పాప వాట్సాప్‌లో నాన్నతో వీడియో కాల్ మాట్లాడటాన్ని ఆ చట్టం ఆపదు. ఆ అన్న భయం ఇక్కడికి తీరినట్టే.

మన దేశంలో సంగతి

మన దగ్గర 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో ప్రకటించారు. కంపెనీలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు కాబట్టి పిల్లల నిబంధన 2027లో అమల్లోకి వస్తుంది. ఈ చట్టం సోషల్ మీడియాను నిషేధించదు. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లి గానీ తండ్రి గానీ ఒప్పుకున్నట్టు కంపెనీ నిర్ధారించుకోవాలి అంటుంది. పిల్లల మీద నిఘా పెట్టి ప్రకటనలు చూపించకూడదు అని కూడా ఉంది. ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా.

మనలాంటివాళ్లకు చిక్కు ఇక్కడే. భార్యాభర్తలు ఇద్దరూ బయటి దేశంలో, పిల్లలు నానమ్మ దగ్గర ఉన్న ఇళ్లు ఎన్నో. నానమ్మ పెంచుతున్నంత మాత్రాన చట్టం దృష్టిలో ఆమె సంరక్షకురాలు అయిపోదు. ఒప్పుకోవాల్సింది మనమే. మనం ఫలానా అని రుజువు చేసుకోవడానికి నియమాల్లో చెప్పిన దారుల్లో డిజిలాకర్ ఒకటి. దానికి ఓటీపీ రావాలి. ఆధార్‌కు ఇచ్చిన ఇండియా సిమ్ రీఛార్జ్ లేక ఎప్పుడో పోయి ఉంటే ఆ ఓటీపీ మనకు రాదు.

ఇప్పుడే చేసుకోదగ్గవి

ఒకటి, ఈసారి సెలవుకు వెళ్లినప్పుడు ఆధార్ సెంటర్‌కు పోయి, మీ దగ్గర నడుస్తున్న నంబర్‌ను ఆధార్‌కు ఎక్కించుకోండి. ఆ సిమ్‌ను బతికించుకోండి. డబ్బులు పంపే పనికీ, బ్యాంకు పనికీ కూడా అదే దిక్కు.

రెండు, పిల్లల అకౌంట్‌లో పుట్టిన సంవత్సరం చూడండి. చాలా ఇళ్లలో బాబాయో మామయ్యో అకౌంట్ తెరిచి తమ పుట్టినరోజు వేసేస్తారు. అప్పుడు కంపెనీ లెక్కలో మీ పన్నెండేళ్ల పిల్లాడు ముప్పై ఏళ్ల మనిషి. ఇన్‌స్టాగ్రామ్ 18లోపు వాళ్ల అకౌంట్లను ప్రైవేట్‌గా పెడుతుంది, తెలియనివాళ్ల మెసేజ్‌లను అడ్డుకుంటుంది. తప్పు వయసు వేస్తే ఆ కాపలా ఏదీ ఉండదు. అసలు 13 ఏళ్లలోపు పిల్లలు అకౌంట్ తెరవకూడదన్నది ఆ కంపెనీ సొంత నియమమే.

మూడు, కాల్ చేసినప్పుడు "అన్నం తిన్నవా, హోంవర్క్ చేసినవా" దగ్గరే ఆగకండి. "ఇయ్యాల ఫోన్‌లో ఏం చూసినవ్ బిడ్డా?" అని కూడా అడగండి. తిట్టడానికి కాదు, వినడానికి. ఎవరైనా తెలియనివాళ్లు మెసేజ్ పెడితే నాన్నకు చెప్పొచ్చు అన్న ధైర్యం బిడ్డకు ఉండాలి. అది ఏ దేశం చట్టమూ ఇవ్వలేదు, మనమే ఇవ్వాలి.

మీ ఇంట్లో పిల్లల ఫోన్ సంగతి ఎలా ఉందో వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.