మోటారుబండి చక్రముల వంకర, సమతూకము

నంద్యాలనుండి సిరివెళ్లమీదుగా ఆళ్లగడ్డకును, అటనుండి చాగలమర్రి మీదుగా కడపకును బోవు బాట పూర్వము 18వ నెంబరు జాతీయ రహదారి. ఇప్పుడది 40వ నెంబరుది. ఈ రాస్తాపై కారు గంటకు 80 కిలోమీటర్ల వేగమున సునాయాసముగ బోవును. కాని రాస్తా దిగి పొలము త్రోవ బట్టినతోడనే రేగడిబురద, పిల్లకాలువలపై కట్టిన కల్వర్టుల అంచులు, వర్షమునకు కొట్టుకొనిపోయిన గుంతలు ఎదురగును. మన ప్రాంతపు రైతు కారు ఒకే దినమున ఈ రెండు విధముల బాటలపైనను నడువవలసి యున్నది. చక్రములకు వచ్చు రోగములలో పెక్కింటికి ఇదియే మూలము.

మాకు తెలిసిన సభ్యులొకరి సంగతి చెప్పెదము. వారు ఖరీఫు దినములలో విత్తనపు సంచులు వేసికొని రాత్రివేళ ఊరికి వచ్చుచు, కల్వర్టు ప్రక్కనున్న గుంతలో ముందరి ఎడమ చక్రమును దింపిరి. చప్పుడు గట్టిగ వినబడెను గాని టైరులో గాలి పోలేదు. కావున దానిని మఱచిరి. మఱునాడు రహదారిపై వేగము 70 దాటునప్పటికి స్టీరింగు చేతులలో వణకసాగెను. ఒక దుకాణమున చక్రములకు బ్యాలెన్సింగు చేయించిరి. వారము తిరుగకమునుపే తృప్తి పోయెను. వణకు తగ్గెనే గాని పోలేదు. రెండవమారును మూడవమారును సొమ్ము చెల్లించి, రిమ్మునకు తూకపు బిళ్లలు వేయించుకొని వచ్చిరి. యంత్రముమీద ప్రతిసారియు సున్న చూపినదట. తుదకు వారి గ్రామమున ఒకప్పుడు బండ్లు చేసిన వృద్ధ వడ్రంగి యొకరు, “చక్రము లేపి, త్రిప్పి చూచితివా నాయనా?” అని యడిగిరి. జాకీ పెట్టి లేపి, రిమ్ము అంచున కెదురుగ ఒక పుల్లను నిలిపి త్రిప్పగా, లోపలి అంచు ఒకచోట 3 మిల్లీమీటర్లు నొక్కుకొనిపోయినట్లు కనబడెను.

ఇందు యంత్రము అబద్ధమాడలేదు. అది చూచునది తూకము మాత్రమే. వంకరయు తూకపు లోపమును వేఱువేఱు రోగములు. వణకు మాత్రము రెంటికి నొకటే. వంకర చక్రమునకు బిళ్లలంటించి బరువును సరిచేయవచ్చును. యంత్రముపై నది గాలిలో తిరుగును గావున సున్న చూపును. కాని నేలమీద కారు బరువు మోయునప్పుడు ఆ చక్రము గుండ్రముగ లేదు. ప్రతి చుట్టునకు ఒకమారు బండిని ఎత్తి దించుచునో, ప్రక్కకు నెట్టుచునో యుండును. దీనిని ఏ బిళ్లయు మాన్పజాలదు. కావున ముందు వంకర చూచుట, పిమ్మట తూకము చూచుట అను క్రమము తప్పరాదు.

తూకపు లోపము ఎంత చిన్నదైనను ఎంత బాధించునో లెక్క చూడుడు. 14 అంగుళముల రిమ్ముగల చిన్నకారు చక్రపు రిమ్ము అంచున ఒకచోట 50 గ్రాముల అధికభార మున్నదనుకొందము. 80 కిలోమీటర్ల వేగమున ఆ చక్రము సెకనునకు సుమారు 12 చుట్లు తిరుగును. అప్పుడా 50 గ్రాములు సుమారు 5 కిలోల బరువంతటి బలముతో ఇరుసును లాగును. ఒక క్షణము పైకి, మఱుక్షణము క్రిందికి. వేగము 40 అయినచో ఈ బలము నాలుగవవంతునకు తగ్గును. అందుచేతనే ఊరిలో నడుపునప్పుడు ఏమియు తెలియక, రహదారి ఎక్కినతోడనే వణకు బయలుపడును.

ఇక మన రేగడి మాట. తడినేలలో దిగి వచ్చిన కారు చక్రమున రిమ్ము లోపలివైపు బురద పట్టి, ఎండకు రాయివలె గట్టిపడును. పిడికెడు రేగడి 50 గ్రాములకు ఎన్నో రెట్లుండును. బయటినుండి చూచిన చక్రము తళతళలాడుచునే యుండును! ఎవరును లోపల చేయిపెట్టి చూడరు. వానకాలమున వణకు పుట్టినచో దుకాణమునకు బోవుటకు ముందు రిమ్ము లోపలి భాగమును నీటితో నానబెట్టి కడిగి చూడవలయును. ఈ ఒక్క పనితోనే కొందఱి వణకు తీరుట మేమెఱుగుదుము. దీనికి ఖర్చు లేదు గనుక దీనిని మీకు చెప్పువారును తక్కువ.

కడిగినను వణకు పోనిచో వంకర చూడవలయును. ఈ పరీక్ష క్రొత్తది కాదు. ఆకులు బిగించి, చుట్టుకొయ్యలు కూర్చి, పిడకల మంటలో కాల్చిన ఇనుపపట్టాను తొడిగి నీళ్లు చల్లిన పిమ్మట, వడ్రంగి చక్రమును ఇరుసున కెక్కించి త్రిప్పి, అంచు ఊగుచున్నదేమో చూచెడివాడు. సైకిలు దుకాణమున నేటికిని ఇదే పద్ధతి. ఆళ్లగడ్డ శిల్పులు రాతిమీద దారము పట్టి చూచుటయు ఈ జాతిదే. ఎద్దుబండి మెల్లగ పోవునది గనుక చక్రము వ్రేలెడు ఊగినను ఎద్దులు ఓర్చుకొనెడివి, కారు ఓర్చుకొనదు.

కారును గట్టిగనున్న సమతలమున నిలిపి, లేపని చక్రములకు ముందు వెనుకల దిమ్మలు పెట్టవలయును. రేగడినేలపై జాకీ దిగబడును. ఎన్నడును అచట లేపరాదు. లేపిన పిమ్మట స్టాండునో, బలమైన కొయ్యదిమ్మలనో ఆధారముగ పెట్టవలయును. జాకీ నొక్కదానినే నమ్మి బండిక్రింద దూరినవారి కథలు మనము వినియున్నాము. గేరు న్యూట్రలులో నుంచి, ముందుగ చక్రమును పైనను క్రిందను పట్టుకొని కదలించి చూడుడు. కటకట కదలినచో అది బేరింగు లేక కీళ్ల లోపము. రిమ్ము మాట అటుంచి వెంటనే మెకానిక్కునకు చూపవలయును. కదలనిచో ఒక స్టూలుమీద పుల్లనో, స్క్రూడ్రైవరునో కదలకుండ బిగించి, దాని కొన రిమ్ము అంచునకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరమున నుండునట్లు చేసి చక్రమును నెమ్మదిగ త్రిప్పవలయును. సందు పెరుగుచు తరుగుచు నున్నచో, మిక్కిలి దగ్గఱ, మిక్కిలి దూరము అయిన చోట్లను సుద్దతో గుర్తుపెట్టి స్కేలుతో కొలువుడు. ఆ రెంటి భేదమే వంకర. పుల్లను అంచు ప్రక్కన నుంచి ఒకమారు, అంచు చుట్టుకొలతకు ఎదురుగ నుంచి ఒకమారు చూడవలయును. మొదటిది ప్రక్క ఊగును, రెండవది ఎగుడుదిగుడును తెలుపును. లోపలి అంచును విడువరాదు. గుంత దెబ్బ తఱచుగ దానికే తగులును, కంటికి కనబడనిదియు నదియే.

భేదము సుమారు 1 మిల్లీమీటరులోపల నున్నచో సామాన్యముగ దోషము లేదు. మీ కారు పుస్తకమున వేఱు హద్దు చెప్పియున్న దానినే పాటింపుడు. రిమ్ము సరిగ నుండి టైరుమాత్రము ఊగుచున్నచో, టైరు రిమ్ముపై సరిగ కూర్చుండలేదనియో, లోపలి అల్లిక చెడినదనియో తెలియును. ప్రక్కన ఉబ్బు కనబడిన టైరుతో ఒక్క మైలైనను పోరాదు.

బెండు తీయుట గూర్చి మా అభిప్రాయమిది. ఉక్కు రిమ్ము కొంచెము వంగినచో తగిన పనిముట్టుతో సరిచేయవచ్చును. కాని సుత్తితో మోది సరిచేసితిమన్నవారి మాట నమ్మక, మరల పుల్ల పెట్టి చూడవలయును. అల్లాయ్ రిమ్ము వేఱు జాతి. అది వంగుటకంటె బీటవారుటకే సులభము. మంటపెట్టి కాల్చిన దాని గట్టిదనము తగ్గును. బీటవారిన అల్లాయ్ రిమ్మును వెల్డింగు చేయించుకొని సంసారమును దానిపై నెక్కించుట తగదు. ట్యూబులేని టైరు దినదినము కొంచెముగ గాలి పోగొట్టుకొనుచున్న, అంచు చుట్టు సబ్బునీరు పోయుడు. వంకరచోట బుడగలు లేచును. మన సభ్యులు పాత రిమ్మును పాత ఇనుమునకు వేసి క్రొత్తది కొనిరి. మూడుమారులు బ్యాలెన్సింగునకు పెట్టిన సొమ్ము అందులో కలిసి వచ్చెడిది.

దుకాణమునందు కంటితో చూడవలసినవి కొన్ని గలవు. పాత బిళ్లలన్నియు తీసి, చక్రము కడిగిన పిమ్మటనే యంత్రమున కెక్కించవలయును. తిరుగునప్పుడు అంచు ఊగుచున్నదేమో మీరే వంగి చూడుడు. పనివాని కన్ను అంకెలమీద నుండును. బిళ్లలు వేసిన పిమ్మట మరల త్రిప్పి సున్న చూపింపుమని యడుగుడు. ఒకే చక్రమునకు 100 గ్రాములు దాటి బిళ్లలు కోరినచో అచటనే ఆపి, టైరును రిమ్ముపై సగము చుట్టు జరిపి చూడుమనవలయును. అప్పటికిని తగ్గకున్న వంకరనో, టైరునో శంకింపవలయును.

అన్ని వణకులును చక్రములవి కావు. స్టీరింగు వణకినచో ముందు చక్రములను, ఆసనము వణకినచో వెనుకవాటిని ముందుగ చూడుడు. బ్రేకు త్రొక్కినపుడు మాత్రమే వణకినచో అది బ్రేకు డిస్కు దోషము. బండి ఒకవైపునకు లాగుచున్నచో గాలి, అలైన్‌మెంటు చూడవలయును. బ్యాలెన్సింగు దానికి మందు కాదు. గాలి తక్కువైన టైరు గుంత దెబ్బను నేరుగ రిమ్మునకు చేర్చును గనుక, ఉదయమున టైరు చల్లగనున్నప్పుడు, తలుపు ప్రక్కన వ్రాసిన కొలత ప్రకారము గాలి పెట్టించుట మేలు.

చక్రము తిరిగి బిగించునపుడు హబ్బు ముఖముపై తుప్పును బురదను గీకివేయవలయును. అచట చిక్కిన చిన్న పెళ్లయే మంచి రిమ్మును వంకరగ కూర్చుండబెట్టును. నట్లను వరుసగ గాక, ఒకదాని కెదురుగ నొకటి చొప్పున కొంచెముకొంచెముగ బిగించి, సుమారు 100 కిలోమీటర్లు నడిచిన పిమ్మట మరల ఒకమారు చూడవలయును. మంచి జాకీ, రెండు స్టాండ్లు, వంకర కొలుచు డయలుగేజి ఒకటి సంఘమున ఉంచి సభ్యులకు ఇచ్చుచుండిన ఎట్లుండునో రాబోవు సర్వసభ్య సమావేశమున ఆలోచింపవలసినదిగ కోరుచున్నాము.