స్థానిక చరిత్ర బోధనలో విస్మృత వ్యక్తులు: లేపాక్షి ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

మరుగునపడిన వ్యక్తులను విద్యార్థులకు పరిచయం చేయడమంటే ప్రసిద్ధుల జాబితాకు మరికొన్ని పేర్లు చేర్చడం మాత్రమే అనే అభిప్రాయం బోధనరంగంలో తరచు కనిపిస్తుంది. ఒక పేరు ఎలా నిలిచింది, దాని పక్కనే ఉన్న మరొకటి ఎందుకు నిలవలేదు అనే ప్రశ్నను ఆధారాల సాయంతో విద్యార్థి చేతనే పరిశీలింపజేసినప్పుడు ఆ పరిచయం చరిత్ర అధ్యయనంగా మారుతుంది. చిలమత్తూరుకు సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయాన్ని, గుంతకల్లు హంపన్న ఉదంతాన్ని తీసుకొని ఈ పద్ధతిని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: స్థానిక చరిత్ర, చిలమత్తూరు, లేపాక్షి, విరుపణ్ణ, శాసనం, ఐతిహ్యం, హంపన్న.

1. ఉపోద్ఘాతం

పాఠశాల జ్ఞానాన్ని బయటి జీవితంతో అనుసంధానించాలని జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం-2005 సూచించింది. చిలమత్తూరు ప్రాంతపు విద్యార్థికి ఆ అనుసంధానం దూరంలో లేదు. కొడికొండ వద్ద బెంగళూరు రహదారిని వదిలి చిలమత్తూరు మీదుగా హిందూపురం వెళ్లే దారిలోనే లేపాక్షి ఉంది. ఆలయమూ ఏకశిలా నందీ 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అక్కడికి విహారయాత్రగా వెళ్లే విద్యార్థి సాధారణంగా వేలాడే స్తంభాన్ని, నందిని చూసి, కళ్లు పెరికివేసుకున్న విరుపణ్ణ కథ విని తిరిగివస్తాడు. ఈ మూడింటిలో చరిత్ర ఎంత, ఐతిహ్యం ఎంత అన్న విచారణ జరగకపోవడమే ఇక్కడి సమస్య.

2. విరుపణ్ణ: శాసనం, చిత్రం, కథ

పాఠ్యపుస్తకంలో కనిపించే పేరు విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయలది (పాలనాకాలం 1529-1542). పెనుకొండలో రాజోద్యోగిగా ఉండి ఆలయ నిర్మాణాన్ని నడిపించిన విరుపణ్ణ పేరు స్థానికంగానే ఎక్కువ వినిపిస్తుంది. అతడు మనకు మూడు రూపాల్లో లభిస్తాడు.

మొదటిది శాసనం. వీరభద్రునికి ఇచ్చిన దానాలతో పాటు అతని పేరు కూడా రాతికెక్కింది. రెండవది చిత్రం. ఆలయపు పైకప్పు చిత్రాల్లో విరుపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ పరివారంతో కూడిన భక్తులుగా కనిపిస్తారు. మూడవది కథ. రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము ఆలయానికి ఖర్చు చేశాడన్న నింద పడగా, శిక్షకు ముందే అతడు తన కళ్లు తానే పెరికి గోడకు విసిరాడని, అసంపూర్ణంగా ఉన్న కల్యాణమండపం సమీపంలోని గోడమీది ఎర్రని మచ్చలు వాటివేనని చెబుతారు.

ఈ మూడింటినీ ఒకే తూకంతో తూచరాదు. దానశాసనం ప్రయోజనం దానాన్ని శాశ్వతం చేయడం. దాతకు తరువాత ఏమైందో చెప్పడం దాని పని కాదు. కనుక శాసనాల మౌనం కథను ఖండించదు. గోడమీది మచ్చలు కథను రుజువు చేయవు. అయితే కథ నిర్మాణంలో ఒక విశేషం ఉంది. మచ్చలు, ముగియని మండపం, ఊరిపేరు అనే మూడు విషయాలకూ అది ఒకే కారణం చెబుతుంది. ఊరిపేరుకు ‘లే పక్షీ’ అని రాముడు జటాయువును పిలిచిన మరో కథ కూడా ఉంది. ఒకే పేరుకు రెండు వ్యుత్పత్తులు ప్రచారంలో ఉన్నప్పుడు, కనిపించే వస్తువునుంచి కథ పుట్టే తీరును విద్యార్థికి అక్కడికక్కడే చూపవచ్చు. రాజధనం, రాజానుమతి, ఉద్యోగి భయం అనేవి జనస్మృతిలో ఎలా నిలిచాయో చెప్పే ఆధారంగా ఆ కథకు విలువ ఉంది.

3. పేరు దక్కని వారు

చక్రవర్తికి, ఉద్యోగికి పేర్లు దక్కిన చోట మిగిలినవారి సంగతి ఏమిటి? రాయి తొలిచినవారు, సున్నపు పూతమీద రంగులద్దినవారు, దానగ్రామాల్లో పండించి ఆలయ ఆదాయానికి మూలమైన రైతులు ఈ వరుసలోకి వస్తారు. సందర్శకులకు చెప్పే కథనాల్లో వీరి పేర్లు వినిపించవు. కాని వీరి పని కనిపిస్తుంది. చిత్రాల్లోని చీరల అంచులు, తలపాగాలు, పొడవాటి కుల్లాయిలు ఆనాటి నేతకు సాక్ష్యాలు. అసంపూర్ణ మండపం పని జరిగిన క్రమాన్ని చూపుతుంది. రాష్ట్ర హస్తకళల విక్రయశాలలకు ‘లేపాక్షి’ అన్న పేరు ఉంది. ఆ ఊరిలో పనిచేసిన కళాకారులకు మాత్రం పేర్లు లేవు. ఈ వైరుధ్యం మంచి చర్చనీయాంశం.

4. పేరు నిలిచిన సామాన్యుడు: హంపన్న

సామాన్యుని పేరు నిలవదన్నది సూత్రం కాదు. లేపాక్షికి మూడున్నర శతాబ్దాల తరువాత, అవిభక్త అనంతపురం జిల్లాలోనే, 1893లో గుంతకల్లు రైల్వేగేటు కాపలాదారు హంపన్న, బ్రిటిషు సైనికుల బారినుంచి స్త్రీలను కాపాడబోయి తుపాకిగుండుకు బలయ్యాడు. విచారణలో నిందితుడైన సైనికుడు నిర్దోషిగా విడుదలయ్యాడు. అయినా హంపన్న పేరు మాసిపోలేదు. గుంతకల్లులో స్మారకం వెలిసింది. లేపాక్షి శిల్పికి లేనిది, హంపన్నకు ఉన్నది ఏమిటి? నేరవిచారణ కాగితం, వార్తాపత్రిక, స్మారకం కోసం పూనుకున్న ప్రజాసమూహం. స్మృతికి సాధనాలు కావాలన్న సంగతి ఈ పోలికతో స్పష్టమవుతుంది.

5. తరగతిలో ఆచరణ

ఈ పాఠాన్ని మూడు దశల్లో నిర్వహించవచ్చు. మొదటి దశలో శాసనపాఠం చదవాలి. లేపాక్షి శాసనాల్లో కన్నడం ప్రధానం. 16వ శతాబ్దపు తెలుగు, కన్నడ లిపుల సామ్యం వల్ల తెలుగు విద్యార్థి కొన్ని అక్షరాలను గుర్తించగలడు; మిగిలినదానికి సరిహద్దు గ్రామాల కన్నడ విద్యార్థులే తోడు. మద్రాసు ప్రెసిడెన్సీలోని కన్నడ శాసనాలకు కేటాయించిన దక్షిణ భారత శాసనాల తొమ్మిదవ సంపుటాన్ని అధ్యాపకుడు ముందుగా సంప్రదించాలి. రెండవ దశ క్షేత్రసందర్శన. రాతిమీద సుద్ద, నీరు పూయకుండా, చిత్రాలను తాకకుండా నమోదు చేయడం నేర్పాలి. మూడవ దశలో ప్రతి ఆధారానికీ నాలుగు ప్రశ్నలు వేయాలి: ఎవరు చేయించారు? ఎందుకు? ఎవరి పేరు ఉంది? ఎవరి పేరు ఉండవలసి ఉండీ లేదు?

డిగ్రీ స్థాయిలో కమ్యూనిటీ సర్వీసు ప్రాజెక్టులో భాగంగా ఇదే పద్ధతిని విద్యార్థి తన గ్రామపు చెరువుకు, వీరగల్లుకు, బడికి అన్వయించవచ్చు. అప్పుడు వృద్ధుల మౌఖిక కథనాలను కూడా చెప్పినవారి అనుమతితో, చెప్పిన తేదీతో నమోదు చేయాలి.

6. ముగింపు

విస్మృతి యాదృచ్ఛికం కాదు. ఎవరి చేతిలో ఉలి ఉంది, ఆ ఉలితో ఎవరి పేరు చెక్కమని ఆజ్ఞ వచ్చింది అన్నవాటి మీద అది ఆధారపడుతుంది. విరుపణ్ణను నాయకునిగానో, బాధితునిగానో ఆరాధించడం నేర్పితే విద్యార్థికి మరొక కథ మాత్రమే మిగులుతుంది. అతని పేరున్న రాతిని చెక్కినవాని గురించి అడగడం నేర్పితే, ఏ గుడిముందు నిలిచినా, ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ఆ ప్రశ్న అతని వెంట ఉంటుంది. పేర్లు తిరిగి దొరకకపోయినా, వారి శ్రమకు చరిత్రలో స్థానం కల్పించే బాధ్యత అధ్యాపకునిదే.