బూజు పట్టిన గదికి మందు పొగ సరిపోతుందా?

రోగిని డిశ్చార్జి చేసే రోజున కుటుంబ సభ్యులు మందుల గురించి, పథ్యం గురించి చాలా ప్రశ్నలు అడుగుతారు. రోగి పడుకోబోయే గది గురించి మాత్రం తక్కువమంది అడుగుతారు. అడిగినవారిలో చాలామంది ఇలా అంటారు: "సిస్టరమ్మా, గోడలకు బూజు పట్టింది. మెషిన్‌తో గదంతా మందు పొగ కొట్టిస్తే పోతుందంటున్నారు. కొట్టించమంటారా?"

మందు పొగ ఒక్కటే బూజును పోగొట్టదు. తొందరపడి కొట్టిస్తే రోగికి హాని కూడా జరగవచ్చు. ఎందుకో తెలుసుకుందాము.

బూజు అంటే ఏమిటి?

మనం సాలెగూళ్లను కూడా బూజు అనే అంటాము. ఇక్కడ చెప్పేది ఆ బూజు కాదు. చెమ్మగిల్లిన గోడ మీద, అటక మీద, బీరువా వెనుక, తడి పరుపు మీద నల్లగానో పచ్చగానో తెల్లగానో మచ్చలుగా పెరిగే ఫంగస్ గురించి చెబుతున్నాను. ముక్క వాసన దీని మొదటి గుర్తు. దీని నుండి కంటికి కనిపించని సన్నని బీజాలు గాలిలోకి లేస్తాయి. వాటిని మనం పీల్చుకుంటాము.

బూజుకు కావలసింది తడి. నీళ్లలో తడిసిన వస్తువు 24 నుండి 48 గంటలలోపు ఆరకపోతే బూజు మొదలవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి వరద తరువాత నీళ్లు తీసినా గోడలలోని చెమ్మ వెంటనే పోదు. అయితే బూజుకు వరదే రానక్కరలేదు. కారే పైపు, ఉరిసే శ్లాబు, కిటికీ తెరవని గది చాలు.

ఎవరికి ఎక్కువ ప్రమాదం?

ఆరోగ్యంగా ఉన్నవారికి తుమ్ములు, ముక్కు కారడం, దగ్గు వంటివి రావచ్చు. ఆస్తమా ఉన్నవారికి ఆయాసం ఎక్కువవుతుంది. కీమోథెరపీ తీసుకుంటున్నవారు, కిడ్నీ మార్పిడి అయినవారు, చాలాకాలంగా స్టిరాయిడ్ మందులు వాడుతున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వీరి ఊపిరితిత్తులలో ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ ఇన్ఫెక్షన్‌గా మారే అవకాశం ఉంది. పాత టీబీ వలన ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు కూడా బూజుకు దూరంగా ఉండాలి.

2021లో కోవిడ్ రెండవ విడతలో బ్లాక్ ఫంగస్ మాట విన్నప్పటి నుండి గోడ మీద నల్లమచ్చ చూస్తేనే కొందరు భయపడుతున్నారు. గోడ మీది నల్లని బూజు, ఆ జబ్బు ఒకటి కాదు. ఆ జబ్బులో రోగి కణజాలం చచ్చి నల్లబడుతుంది కనుక ఆ పేరు వచ్చింది. భయం అక్కరలేదు. అలాగని గోడ మీది బూజును వదిలివేయకూడదు.

ఆసుపత్రిలో మీరు పొగ పెడతారు కదా?

ఇది న్యాయమైన ప్రశ్న. ఆపరేషన్ థియేటర్లలో ఫార్మలిన్‌తో పొగ పెట్టే అలవాటు మన దేశంలో చాలాకాలం ఉంది. ఫార్మలిన్ నుండి వచ్చే ఫార్మాల్డిహైడ్ వాయువు మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. ఇప్పుడు చాలాచోట్ల దాని బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్ మందును మెషిన్‌తో సన్నని తుంపరలుగా కొడుతున్నారు.

అయితే థియేటరులో పొగ పెట్టే ముందు మేము చేసే పని బయటివారికి కనిపించదు. ముందు గదిని సబ్బు నీళ్లతో కడిగి తుడుస్తాము. మనుషులందరినీ బయటకు పంపుతాము. ఏసీ ఆపి, తలుపులు మూస్తాము. చెప్పిన గంటలు గడిచి, గాలి మారిన తరువాతనే లోపలికి వెళ్తాము. కడగకుండా పొగ పెట్టడం ఆసుపత్రిలో కూడా పనికిరాదు.

ఇంట్లో పొగ ఎందుకు సరిపోదు?

మొదటిది, తుంపరలు ఎదురుగా కనిపించే చోట్ల పడతాయి. బీరువా వెనుకకు, ప్లాస్టరు లోపలికి, పరుపు దూదిలోకి చేరవు. రెండవది, మురికి మీద పడిన మందు తన బలం కోల్పోతుంది. మూడవది, చచ్చిన బూజు కూడా ఎలర్జీ కలిగిస్తుంది. కాబట్టి చంపడం కాదు, తీసివేయడం ముఖ్యం. నాల్గవది, తడి అలాగే ఉంటే బూజు మళ్లీ వస్తుంది.

వీధిలో దోమల కొరకు మునిసిపాలిటీవారు కొట్టే పొగ వేరు. అది దోమల మందు. బూజు మీద పనిచేయదు.

కోవిడ్ సమయంలో, 2020 మేలో, ఇంటి లోపలి గదులలో మందును పిచికారీగా లేక పొగగా కొట్టడం మామూలు పద్ధతిగా మంచిది కాదని, గుడ్డతో తుడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. అది వైరస్ గురించి చెప్పిన మాట. అయినా తుంపరలు మూలలకు చేరవని, కళ్లకు, ఊపిరితిత్తులకు హాని చేస్తాయని చెప్పిన కారణాలు ఇక్కడా వర్తిస్తాయి.

ఒక తండ్రి బాధ

కొంతకాలం క్రితం ఆయాసంతో ఉన్న ఒక బాబును మా వార్డు నుండి ఇంటికి పంపాము. తండ్రి కూలి డబ్బులు కూడబెట్టి గదికి మందు పొగ కొట్టించాడు. రెండు గంటలు మూసి ఉంచి, ఆ సాయంత్రమే బాబును అక్కడ పడుకోబెట్టాడు. అర్ధరాత్రి బాబును ఎత్తుకొని మళ్లీ మా దగ్గరకు పరుగున వచ్చాడు. ఆక్సిజన్, నెబులైజర్ పెట్టాక బాబు తేరుకున్నాడు. "నా చేతులతో నేనే చేసుకున్నానా సిస్టరమ్మా?" అని తండ్రి ఏడ్చాడు. "నువ్వు బిడ్డ మీద ప్రేమతో చేశావయ్యా. చెప్పవలసినవాళ్లం మేము చెప్పలేదు" అన్నాను. నెల తిరగకుండా అదే గోడకు బూజు మళ్లీ వచ్చింది. గోడ అవతల బాత్‌రూము పైపు కారుతోంది. పైపు బాగుచేసి, పాడైన ప్లాస్టరు కొట్టివేసి, ఆరిన తరువాత కొత్తది వేశాక గది బాగుపడింది.

ఆ రోజు నుండి డిశ్చార్జి సమయంలో గది గురించి నేనే అడుగుతున్నాను.

మరి ఏమి చేయాలి?

1. రోగిని, చిన్నపిల్లలను వేరే గదికి లేక బంధువుల ఇంటికి పంపండి. ఆస్తమా ఉన్నవారు ఈ పని చేయకూడదు.

2. నీళ్లు ఎక్కడి నుండి వస్తున్నాయో కనిపెట్టి ముందు అది ఆపండి. గోడ తడిగా ఉంటే ఆ గదికి కరెంటు ఆపండి.

3. ఎన్‌95 మాస్కు, రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకోండి. ఇంటి లోపలి తలుపు మూసి, కిటికీలు తెరవండి.

4. పొడి చీపురుతో దులపకండి. బీజాలు ఇల్లంతా లేస్తాయి. సబ్బు నీళ్లతో తడిపి, బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచివేయండి. అప్పటివరకు ఫ్యాను వేయకండి.

5. లోపలిదాకా బూజు పట్టిన పరుపు, దిండ్లు, అట్టపెట్టెలు కవరులో కట్టి పారవేయండి. బట్టలు ఉతికి మంచి ఎండలో ఆరవేయండి.

6. టైల్స్, సిమెంటు గచ్చు వంటి గట్టి చోట్ల, సబ్బుతో కడిగిన తరువాత, లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి తేర్చిన నీళ్లతో తుడవండి. పది నిమిషాలు ఉంచి మంచినీళ్లతో కడగండి. దీనిలో బాత్‌రూము యాసిడ్, వెనిగర్, అమ్మోనియా ఎన్నడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.

7. ఇప్పుడు ఫ్యాను వేసి పూర్తిగా ఆరనివ్వండి. ఆరకముందే పెయింటు వేస్తే బూజును కప్పినట్లే. బీరువాను గోడకు జానెడు దూరంలో పెట్టండి.

బూజు సుమారు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు కంటే ఎక్కువ ఉంటే అనుభవమున్నవారిని పిలవండి. ఇంత చేశాక కూడా మందు పొగ కొట్టించాలనుకుంటే అది చివరి మెట్టు కావాలి. మందు పేరు అడగండి. ఫార్మలిన్ అయితే ఇంట్లోకి రానివ్వకండి. డబ్బా మీద రాసిన సమయం గడిచి, గాలి బాగా ఆడిన తరువాతనే లోపలికి వెళ్లండి. రోగిని ఎప్పుడు తీసుకురావచ్చో డాక్టరు గారిని అడగండి.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు రావాలి?

ఆయాసం, పిల్లికూతలు తగ్గకపోతే, కళ్లెలో రక్తం పడితే, కీమోథెరపీ తీసుకుంటున్నవారికి జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకండి. షుగరు ఉన్నవారికి ముఖం ఒకవైపు వాచినా, ముక్కు నుండి నల్లని స్రావం వచ్చినా అదే రోజు రండి.

బైబిలులో లేవీయకాండము 14వ అధ్యాయంలో ఇంటి గోడలకు పట్టే పొడ గురించి ఉంది. ముందు ఇంటిని మూసి చూడాలి. పొడ వ్యాపిస్తే ఆ రాళ్లు ఊడదీసి ఊరి బయట పారవేయాలి. గోడలు గీకించి కొత్త పూత వేయాలి. శుద్ధి కొరకు చిలకరించడం కూడా అక్కడ ఉంది, కానీ పొడ పోయిందని చూసిన తరువాతనే. మీరు ఏ మతస్థులైనా ఈ వరుస గుర్తుంచుకోండి. తడి ఆపడం, తీసివేయడం, ఆరబెట్టడం ముందు. మందు ఆ తరువాత.

దేవుడు మీ రోగికి స్వస్థతను, మీ ఇంటికి క్షేమమును దయచేయును గాక.