58 రోజులు, 4 రోజులు

1952 డిసెంబరు 15 రాత్రి మద్రాసులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో పొట్టి శ్రీరాములు కన్నుమూశారు. ప్రత్యేకాంధ్ర కోసం అక్టోబరు 19న ఆయన పట్టిన నిరాహార దీక్షకు అది 58వ రోజు. కబురు అందగానే తెలుగు జిల్లాలు భగ్గుమన్నాయి. రైళ్లు నిలిచిపోయాయి, ప్రభుత్వ కార్యాలయాలపై దాడులు జరిగాయి, పోలీసు కాల్పుల్లో పలువురు చనిపోయారు. నాలుగు రోజులకు, 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ప్రకటన చేశారు.

మరి రాష్ట్రం తెచ్చింది దీక్షా, అల్లర్లా?

తగలబెడితే గానీ సర్కారు దిగిరాదని వాదించేవాళ్లకు ఆ నాలుగు రోజులు తిరుగులేని సాక్ష్యంలా కనిపిస్తాయి. నెహ్రూ ఉత్తరాలు చూస్తే మాత్రం లెక్క మారుతుంది. ఈ దీక్షను అసలు పట్టించుకోదలచుకోలేదని డిసెంబరు 3న మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి రాసిన మనిషే, 12న మళ్లీ రాస్తూ ఆంధ్రుల కోరిక ఒప్పుకోవలసిన వేళ వచ్చిందన్నారు. అప్పటికి శ్రీరాములు బతికే ఉన్నారు. ఆలస్యమైతే జనంలో నిస్పృహ చేయి దాటిపోతుందన్న బెంగా ఆ ఉత్తరంలో ఉంది. కాబట్టి అల్లర్లు ప్రకటనను తొందరపెట్టి ఉండవచ్చు. నెహ్రూ మనసు మాత్రం అంతకుముందే మెత్తబడింది.

అలాగని దీక్షను ప్రశ్నించకూడదనేం లేదు. అంతకు మూడేళ్ల క్రితం, 1949 నవంబరు 25న, రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఓ కటువైన మాట అన్నారు. రాజ్యాంగ మార్గాలు తెరుచుకున్నాక శాసనోల్లంఘన, సహాయ నిరాకరణ, సత్యాగ్రహం మూడూ వదిలేయాలని, అవి అరాచకానికి వ్యాకరణమని. మహాడ్ చెరువు దగ్గర, నాసిక్ కాలారామ్ గుడి దగ్గర స్వయంగా సత్యాగ్రహాలు నడిపిన నాయకుడాయన. ఊరికే అనలేదు. ఓటు లేని కాలంలో చెల్లిన ఆయుధం ఓటు వచ్చాక చెల్లదన్నది ఆయన వాదం.

ఆంధ్ర విషయంలో ఆ ఓటు ఏం చేసింది? 1952 తొలి ఎన్నికల్లో తెలుగు జిల్లాల్లో కాంగ్రెస్ గట్టి దెబ్బ తింది. అంతకుముందు ఏడాదే స్వామి సీతారాం ఇదే కోరికతో 35 రోజులు పస్తులుండి, వినోబా భావే మాట మీద విరమించారు. అయినా ఢిల్లీలో కదలిక లేదు. తలుపు తెరిచే ఉంది, లోపల వినేవాళ్లే లేరు. అంబేడ్కర్ సూత్రం ఇలాంటి స్థితికి పూర్తి జవాబు ఇవ్వదు.

చట్టాన్ని ధిక్కరించేవాడు ఆ పని బాహాటంగా, హింస లేకుండా చేసి శిక్షకు సిద్ధపడాలన్నారు అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్, 1971లో. శ్రీరాములు ఏ చట్టాన్నీ ధిక్కరించడానికి పూనుకోలేదు గనుక ఆయన దీక్ష ఆ నిర్వచనంలో ఇమడదు. కానీ నష్టాన్ని తన ఒంటి మీదే వేసుకోవడంలో రెండూ ఒక్కటే. ‘నేను పోతే ఆ పాపం నీదే’ అని అవతలివాణ్ణి ఇరకాటంలో పెట్టడం కూడా ఒక బలవంతమే, కాదనలేం. అయితే ఆ బెదిరింపుకు తాకట్టు పెట్టింది సొంత ప్రాణం. రైలు ఆపి, ఆఫీసు ధ్వంసం చేసినప్పుడు ఆ ఖర్చు ఎవరినీ అడక్కుండా మరొకరి నెత్తిన పడుతుంది. అందులో చాలామంది అదే కోరికకు ఓటేసినవాళ్లే.

2009లో సుప్రీంకోర్టు ఈ ఖర్చు సంగతే పట్టుకుంది. ఆందోళనల్లో ఆస్తులు ధ్వంసమైతే, పిలుపునిచ్చిన నిర్వాహకుల నుంచి కూడా నష్టపరిహారం రాబట్టేలా మార్గదర్శకాలు ఇచ్చింది. సూత్రం బాగానే ఉంది. కాల్పుల్లో పోయిన ప్రాణాలకు సర్కారును ఎవరు బాధ్యుణ్ణి చేస్తారన్న ప్రశ్న మాత్రం దానివల్ల తీరదు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆంధ్రులు కోరుకున్న మద్రాసు నగరం అందులో లేదు. దీక్షా దాన్ని తేలేకపోయింది, ఆ నాలుగు రోజుల అల్లర్లూ తేలేకపోయాయి.