కొన్న ఆటకు తాళం చెవి ఎవరి దగ్గర?

పోచంపల్లి అనగానే చాలామందికి ఇక్కత్ చీరలు గుర్తుకొస్తాయి. నేను చెప్పబోయేది ఆ భూదాన్ పోచంపల్లి కాదు, మన కృష్ణగిరి జిల్లాలోని పోచంపల్లి. వారపు సంతకు పేరుపడిన ఊరు. సంతలో గొడ్డు బేరం కుదిరాక అమ్మినవాడు కొన్నవాడి చేతికి పలుపు అందిస్తాడు. పలుపు చేయి మారిందంటే గొడ్డు కొన్నవాడిదే. దాన్ని ఏ కొట్టంలో కట్టుకున్నా, రేపు ఎవరికి అమ్ముకున్నా పాత యజమాని అడగడానికి లేదు.

మా అక్కవాళ్ళది ఆ ఊరే. 2016 వేసవిలో నేను వెళ్ళేసరికి మా మేనల్లుడు ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. అప్పుడు వాడు ఎనిమిదో తరగతి. పండుగలకు పెద్దవాళ్ళు చేతిలో పెట్టిన డబ్బు కూడబెట్టుకుని, బెంగళూరులో ఒక అంగట్లో 600 రూపాయలకు కంప్యూటర్ ఆట డిస్కు కొనుక్కున్నాడు. ఎవరో ఆడి అమ్మేసిన పెట్టె అది. నకిలీ కాదు, అసలైన కంపెనీ డిస్కే. ఇంటికొచ్చి పెడితే పెట్టెలోని కాగితం మీది కోడ్ అడిగింది. ఆ కోడ్ కొడితే, ఇది ఇదివరకే మరొకరి ఖాతాలో నమోదైందని జవాబు వచ్చింది. అంగడివాడికి ఫోను చేస్తే, "డిస్కు బాగానే ఉంది కదా, ఇంకేం?" అన్నాడు.

"డబ్బిచ్చాను, డిస్కు నా చేతిలోనే ఉంది. మరి ఆట నాది కాదా మామా?" అని అడిగాడు వాడు. ఏళ్ళ తరబడి తాకట్టు పత్రాలు, విక్రయ దస్తావేజులు చూస్తూ వచ్చిన నాకు ఆ ప్రశ్నకు వెంటనే జవాబు తోచలేదు. తర్వాత తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మన ఇళ్ళలో ఆటలు కొనని పిల్లలు తక్కువ గదా!

తాళాల కథ

ఆటకు తాళం వేయడం కొత్త సంగతేమీ కాదు. ఆఫీసుల్లోకి కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మధ్యాహ్నం విరామంలో చాలామంది ఆడిన 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' 1989లో వచ్చింది. అందులో కొంత దూరం వెళ్ళాక, ఆటతో ఇచ్చిన పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరుసలోని మాట మొదటి అక్షరం ఏమిటని అడుగుతుంది. కొన్నవాడి దగ్గర పుస్తకం ఉంటుంది, ఫ్లాపీ నకలు తీసుకున్నవాడి దగ్గర ఉండదు. అయితే ఆ తాళం పెట్టెతో పాటే వచ్చేది. పెట్టె ఎవరికిస్తే ఆట వారిదయ్యేది.

ఇంటర్నెట్ వచ్చాక తాళం చెవి మన ఇంటి నుంచి కంపెనీ ఇంటికి వెళ్ళిపోయింది. వాల్వ్ అనే అమెరికా కంపెనీ 2003లో 'స్టీమ్' సేవను ప్రారంభించింది. 2004 నవంబరులో వచ్చిన 'హాఫ్-లైఫ్ 2'ను అంగట్లో డిస్కుగా కొన్నా స్టీమ్‌లో ఖాతా తెరిచి, ఇంటర్నెట్ ద్వారా యాక్టివేట్ చేసుకుంటే గాని ఆడనివ్వలేదు. కోడ్ ఒకసారి ఒక ఖాతాకు అంటుకుంటే మళ్ళీ ఊడిరాదు. మా వాడి 600 రూపాయలు పోయింది ఇలాంటి పద్ధతి వల్లనే.

బ్యాంకు లాకరుతో పోల్చి చూస్తే ఇది తేలికగా అర్థమవుతుంది. లాకరుకు ఖాతాదారు దగ్గర ఒక తాళం చెవి, బ్యాంకు దగ్గర ఒకటి ఉంటాయి. రెండూ తిప్పితేనే తలుపు తెరుచుకుంటుంది. యాక్టివేషన్ కూడా అంతే. మన కోడ్ ఒక చెవి, కంపెనీ సర్వర్ రెండో చెవి. తేడా ఒకటుంది. లాకరులోని నగలు మనవి. శాఖను మార్చినా, మూసినా మన సొత్తు మనకు అప్పగించాల్సిందే. ఆట విషయంలో మనం కొన్నది వస్తువు కాదు, వాడుకునే అనుమతి మాత్రమే. విక్రయ దస్తావేజు అనుకుని మనం సంతకం పెట్టేది నిజానికి లీజు కాగితం.

బిగించిన కొద్దీ చిక్కులు

కంపెనీల పక్షాన న్యాయం లేదనలేము. వందలమంది ఏళ్ళపాటు పనిచేసి తయారుచేసిన ఆటను ఒక్క పెన్‌డ్రైవ్‌తో ఊరంతా పంచుకుంటే వారి జీతాలెక్కడి నుంచి వస్తాయి? కాని తాళం బిగించిన కొద్దీ దొంగకంటే కొన్నవాడికే ఎక్కువ ఇబ్బంది కలిగిన సందర్భాలున్నాయి.

2008లో వచ్చిన 'స్పోర్' ఆటను మొదట 3 కంప్యూటర్లలోనే యాక్టివేట్ చేసుకోనిచ్చారు. కొన్నవారు గోలపెట్టాక పరిమితిని 5కు పెంచారు. 2010లో యూబీసాఫ్ట్ కంపెనీ 'అసాసిన్స్ క్రీడ్ 2'కు ఆడుతున్నంతసేపూ ఇంటర్నెట్ ఉండి తీరాలని షరతు పెట్టింది. ఆ మార్చిలో కంపెనీ సర్వర్లే మొరాయించడంతో డబ్బిచ్చి కొన్నవారు ఆడలేక కూర్చున్నారు. గాలివానకు కరెంటూ నెట్టూ పోయే మన ఊళ్ళలో ఇలాంటి షరతు ఎంత ఇబ్బందో చెప్పనక్కరలేదు.

అదే కంపెనీ 2014లో విడుదల చేసిన 'ది క్రూ' అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న మూసేసింది. ఒంటరిగా ఆడుకునేవారికి కూడా ఆట ఆగిపోయింది. డిస్కు అల్మారాలోనే ఉంది, ఆట మాత్రం లేదు! ఇలాంటివి చూశాక కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. డిజిటల్ వస్తువుకు ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదని దాని సారాంశం. శాశ్వతంగా దించుకుని నెట్ లేకుండా వాడుకోగల వస్తువులకు ఈ నిబంధన వర్తించదు.

తాళం పగలగొడితే?

ఆ వేసవిలోనే మా వాడి స్నేహితుడొకడు 'క్రాక్' చేసిన ఆటను పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చాడు. "ఒకసారి డబ్బు కట్టాను కదా, ఇది తప్పెలా అవుతుంది మామా?" అన్నాడు మా వాడు. వాడి బాధలో న్యాయముంది, కాని ఆ దారి మంచిది కాదు. మన కాపీరైటు చట్టం, సక్రమంగా సంపాదించిన ప్రోగ్రాముకు పోకుండా, పాడవకుండా భద్రత కోసం నకలు తీసి ఉంచుకోవడాన్ని ఒప్పుకుంటుంది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే మాత్రం, 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షను కింద రెండేళ్ళ వరకు జైలు, జరిమానా ఉన్నాయి.

చట్టం కంటే నన్ను భయపెట్టింది మరొకటి. క్రాక్ ఫైలు నడవాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమని అందులో రాసి ఉంది. మా బావగారు మామిడికాయల లెక్కలు రాసుకునేది, నెట్ బ్యాంకింగ్ చేసేది ఆ కంప్యూటర్‌లోనే. 600 రూపాయల ఆట కోసం ఇంటి ఖాతా తలుపు తెరిచిపెట్టినట్టవుతుందని చెప్పాను. మా వాడు మారు మాట్లాడకుండా పెన్‌డ్రైవ్ తీసేశాడు.

కొనేముందు చూసుకోవలసినవి

1. యాక్టివేషన్ ఒక్కసారేనా, ఆడిన ప్రతిసారీ నెట్ కావాలా, ఎన్ని కంప్యూటర్లకు అనుమతి ఉందన్నది డబ్బు కట్టకముందే చదవండి. ఆట పేజీలో ఇది చిన్న అక్షరాల్లో ఉంటుంది. మరో కంపెనీ ఖాతా కూడా తెరవాలేమో చూడండి.

2. కోడ్ అవసరమైన కంప్యూటర్ ఆటను ఒకరు వాడిన పెట్టెగా కొనవద్దు. చవకగా కోడ్‌లు మాత్రమే అమ్మే తెలియని అంగళ్ళ జోలికీ పోవద్దు.

3. స్టీమ్‌లో నేరుగా కొన్న ఆట నచ్చకపోతే, 14 రోజుల లోపల, 2 గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగవచ్చు. బయట కొన్న కోడ్‌కు ఈ సౌకర్యం లేదు.

4. అన్నదమ్ములకు విడివిడిగా కొననక్కరలేదు. 2024లో వచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్ పద్ధతిలో ఒకే ఇంటివారు ఆరుగురి దాకా చాలా ఆటలను పంచుకోవచ్చు. ఒక ప్రతిని ఒకసారికి ఒకరే ఆడాలి.

5. ఖాతా ఏ ఈమెయిలుతో, ఏ ఫోను నంబరుతో తెరిచారో రాసిపెట్టుకోండి. ఖాతా పోతే ఆటలన్నీ పోయినట్టే. కార్డు వివరాలు పిల్లల ఖాతాలో నిలవ ఉంచకండి.

6. బిల్లు దాచుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం డిజిటల్ వస్తువుల అమ్మకాన్ని కూడా ఇ-కామర్సు కిందికి తెచ్చింది. ఫిర్యాదు ఉంటే 1915కు ఫోను చేయవచ్చు.

తాళం లేని ఆటలూ ఉన్నాయి. పోలెండులో 2008లో మొదలైన గాగ్ అనే అంగడి యాక్టివేషన్ అక్కరలేని ఆటలే అమ్ముతూ వచ్చింది. ఫైలు దించుకుని హార్డ్ డిస్కులో దాచుకుంటే, తర్వాత ఎవరి అనుమతీ లేకుండా ఎక్కించుకోవచ్చు. పదిమందికి పంచడం మాత్రం అక్కడా తప్పే.

మా వాడి 600 రూపాయలు తిరిగి రాలేదు. ఆ వేసవిలోనే నా కార్డుతో గాగ్‌లో ఒక పాత ఆట కొనిచ్చాను. వాడిప్పుడు ఇంజనీరింగ్ ముగించి ఉద్యోగంలో చేరాడు. మొన్న దీపావళికి వచ్చినప్పుడు తన కొత్త కంప్యూటర్‌లో అదే ఆటను తమ్ముడికి ఎక్కించి ఇస్తూ కనిపించాడు. ఆ ఇంట్లో ఆ ఆటకు ఇది మూడో కంప్యూటర్. ఇంతవరకు అది ఎవరి అనుమతీ అడగలేదు.