పాతపటపు చట్రముతో నల్లబల్ల

పోతనగారి యింటిపేరైన బమ్మెర నేడు జనగామ జిల్లాలోనిది. దాశరథిగారు పుట్టిన చినగూడూరు మహబూబాబాదు జిల్లాలోనిది. భూపాలపల్లి జిల్లా ఆచార్య జయశంకరుగారి పేరు తాల్చినది. ఇట్టి అక్షరసీమలో పిల్లవానికి ఇంట వ్రాసికొనుట కొక బల్ల లేకుండుట నాకు సమ్మతము గాదు.

పాతసామానుల అంగడిలో పటపు చట్రములు చవుకగా లభించును. దేవుని పటమైనచో బొమ్మను భక్తితో తీసి పూజాగృహమున నుంచుడు. చట్రమునకు దోషము లేదు. అద్దమును మాత్రము తీసివేయవలెను. సుద్ద నునుపుపై జారును. గరుకుపైననే అరిగి తెల్లని గీత నిలుపును. కావున అద్దమునకు మారుగా పలుచని చెక్క నమర్చి, ఉప్పుకాగితముతో రుద్ది, గుంటగలగరాకు పసరులో మెత్తని బొగ్గుపొడి కలిపి పూయవలెను. పూర్వము పల్లెలలో పలకలకు నలుపెక్కించిన పూత యిదియే. ఒకటి యారినపిదపనే మరియొకటి, తొందర పనికిరాదు. తుదిపూత యారినపిమ్మట సుద్దముక్కను అడ్డముగా పట్టి బల్లనంతయు రుద్ది తుడువుడు; లేనిచో తొలిగీతల జాడ పోదు. పసరుపూత వాడుకలో వెలియును. అప్పుడు మరల పూయుటయే.

కాగితముపై తప్పు నిలిచిపోవునని జంకు పిల్లలు దీనిపై ధైర్యముగ వ్రాసెదరు. బల్లను పిల్లవాని కంటియెత్తున గట్టుడు, మన యెత్తున గాదు.